నీళ్ళామె కోసం మొక్కు

నవలలో శిల్పం అంటే ఏమిటి, ఇతివృత్తం అంటే ఏమిటి అని కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. మా మనవరాలు అలాంటి పాఠం ఒకటి పరీక్షకని వల్లెవేస్తుంటే, పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ విన్నాను. ప్రకృతి వర్ణన పాత్రల మనసుకు అద్దం పడుతుందట. జరగబోయేదాన్ని రచయిత ముందే సూచనగా చెబుతాడట. స్త్రీల స్నేహం మీద వచ్చిన నవలల్లో త్యాగమే ప్రధానమైన ఇతివృత్తమట. ఈ చివరి వాక్యాన్ని పిల్ల కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ అప్పజెప్పుకుంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని కోప్పడింది. పరీక్ష అయ్యాక చెబుతానన్నాను. ఇప్పుడే చెబితే దాని మార్కులు పోతాయి.

దానికి చెప్పబోయే సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా అత్తగారి ఊరు కమలాపురానికి దగ్గర్లో, పాపాఘ్ని ఒడ్డున ఉంది. ఒడ్డు అన్నానని నీళ్ళు ఊహించుకోవద్దు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా గట్టున కూర్చుని, చిప్పతో కడవలోకి తోడుకునేవాళ్ళం. ఊళ్ళో మాది మగ్గాల వీధి. కడపలో అయిదో తరగతి దాకా చదివి ఆ వీధికి కోడలిగా వచ్చాను. వీధి మొత్తానికీ చదువుకున్న కోడలిని నేనొక్కదాన్నే. ఆ మాట మా అత్త ఎన్నడూ పొగడ్తగా అనలేదు. చదువుకున్న కోడలంటే ఆమె దృష్టిలో, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా తలెత్తని మనిషి. పాలు పొంగిన ప్రతిసారీ నా చేతిలో పుస్తకం ఉన్న మాట నిజమే కాబట్టి నేనూ వాదించేదాన్ని కాదు.

మా అన్న కడప కచ్చేరీలో గుమాస్తా. నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా ఒక పుస్తకం తెచ్చేవాడు. దాని బదులు నాలుగు అరటిపళ్ళు తెస్తే బాగుండేదని మా అత్త అభిప్రాయం. యుద్ధం ఇంకా రాలేదు, నూలుకు కరువు లేదు, అలాంటి ఒక ఎండాకాలం అతను తెచ్చిన పుస్తకం ఇద్దరు స్నేహితురాళ్ళ కథ. రాసినాయన గోదావరి వైపు మనిషి. పేరు చెప్పను. ఆయన పోయి చాలాకాలమైంది, పోయినవాళ్ళను పేరుపెట్టి తిట్టకూడదు.

మా దొడ్డిగోడకు అవతల రంగులాయన ఇల్లు. వీధిలోని మగ్గాలన్నిటికీ నూలుకు రంగు వేసేది ఆయనే. ఏ వేళ చూసినా చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. పెళ్ళినాడు కూడా అలాగే ఉన్నాయని ఆయన భార్య చెప్పేది. ఆ భార్యే నా స్నేహితురాలు. సాయిబుల ఇంటి ఆడపిల్ల, కర్నూలులో పుట్టి పెరిగింది. ఆమె నన్ను వదినా అనేది, నేనూ ఆమెను వదినా అనేదాన్ని. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పటికీ తేలలేదు. కడపలో కలరా వచ్చిన ఏడు నేను పుట్టానట. తుంగభద్ర పొంగి వాళ్ళ వీధిలోకి వచ్చిన ఏడు ఆమె పుట్టిందట. ఏది ముందో తెలియదు గనుక చిన్నదాన్ని నేనంటే నేనని పోట్లాడుకునేవాళ్ళం.

మధ్యాహ్నం పూట మా ఇంట్లో ఆడవాళ్ళకు ఒక పని ఉండేది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు అలాగే ఉంచి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని రెండు పోగులూ కలిపి మెలితిప్పితే అతుక్కుంటాయి. చేతులు కదులుతూ ఉండాలి, కళ్ళు పోగు మీద ఉండాలి. చెవులకూ నోటికీ మాత్రం పని లేదు. చెవులూ నోరూ ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే వీధిలో ఎవరి కాపురమూ మిగలదు. ఆ గండం తప్పించడానికే మా అత్త పుస్తకం చదవనిచ్చిందని నా నమ్మకం. అయితే నేను చదువుతూ కూర్చుంటే నా వంతు పోగులు ఎవరు అతకాలి? ఈ ప్రశ్న మా అత్త అడిగిన మరుసటి రోజు నా స్నేహితురాలు దొడ్డివాకిట్లోంచి వచ్చి, నా చోట కూర్చుని, వేళ్ళకు బూడిద రాసుకుంది. నువ్వు చదువు అంది. రంగులాయన భార్యకు పోగులు అతికే అగత్యం ఏమీ లేదు. ఆ పని ఆమెకు రాదు కూడా. ఆమె అతికినవన్నీ మగ్గం మీద తెగిపోయేవి. ఈ నవల మొదలైనప్పటి నుంచి చీర దిగడం లేదని మా ఆయన మగ్గం గుంతలోంచి సణిగేవాడు.

కథలోని ఇద్దరు అమ్మాయిలకూ రచయిత మూరెడేసి పేర్లు పెట్టాడు. అవి మా వీధిలో ఎవరి నోరూ తిరగనివి. మొదటి రోజే జనం ఆ పేర్లను అవతల పెట్టేశారు. ఒకామె ఎప్పుడూ ఏటిగట్టున కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉంటుంది, అందుకని ఆమె నీళ్ళామె. రెండో ఆమె బాలవితంతువు, పొద్దస్తమానం నీళ్ళామెకు ఉత్తరాలు రాస్తూ ఉంటుంది, అందుకని ఉత్తరాలామె. నేను కూడా పుస్తకంలో పేర్లు వచ్చినచోట ఇవే చదవడం అలవాటు చేసుకున్నాను.

మా మనవరాలి పాఠంలో ఉన్న శిల్పమంతా ఈ పుస్తకంలో ఉంది. నీళ్ళామెకు దిగులు కలిగితే చాలు, వాన. మొగుడు మాట్లాడకపోతే వాన, పుట్టింటి నుంచి కబురు రాకపోతే వాన, ఏ కారణమూ లేకుండా గుండె బరువెక్కితే ఉరుములతో కూడిన వాన. మొదట్లో అందరూ గుడ్లప్పగించి విన్నారు. మా ఇంటికి రెండిళ్ళవతల ఉండే ముసలామె మాత్రం పోగు మెలిపెట్టడం ఆపి తలెత్తింది.

"ఆయమ్మను మన ఊరికి కోడలుగా తెచ్చుకుందామే," అంది. "దినానికొకరం వంతుగా ఏడిపిస్తే సెరువు నిండుతాది."

ఆ తర్వాత వాన వచ్చిన ప్రతిచోటా నేను ఆగాల్సి వచ్చేది. నవ్వులు తగ్గేదాకా చదవడం కుదిరేది కాదు.

ఉత్తరాల సంగతి ఇంకో తీరు. ఉత్తరాలామె రాసే ఒక్కో ఉత్తరం ఒక్కో అధ్యాయం. అందులో ప్రాణసఖీ అని మొదలుపెట్టి, తన మనసులోని సంగతులన్నీ అరటిపండు ఒలిచినట్టు చెప్పేది. అన్నం ఎవరు వండారు, ఇల్లు ఎవరు చిమ్మారు అని మా అత్తకు అనుమానం. నా స్నేహితురాలి అనుమానం వేరు. వాళ్ళిద్దరి ఇళ్ళకూ మధ్య ఎంత దూరమని అడిగింది. వెనక్కి తిప్పి చూసి, ఎదురిల్లే అని చెప్పాను. ఆమె చేతిలో పోగు మెలితిప్పి, గట్టిగా పిలిస్తే పలికేదానికి ఇంత కాగితమా అంది. మా ఇద్దరికీ మధ్య ఉన్న దొడ్డిగోడ నడుము ఎత్తుది. దాని మీదుగా ఉప్పు, నిప్పు, తిట్లు, పక్కింటి సంగతులు అన్నీ దాటేవి. ఉత్తరం మాత్రం ఎన్నడూ దాటలేదు.

పోలికలంటే ఆయనకు ప్రాణం. నీళ్ళామె ముక్కును సంపెంగతో పోల్చి, అది చాలక నువ్వుపువ్వుతో పోల్చి, ఒక పుట నింపేశాడు. నేను ఆ పుట భక్తిగా చదివి తలెత్తితే నా స్నేహితురాలు నా ముక్కు వంకే చూస్తోంది. నీ ముక్కుకు ఇంత కష్టం అక్కర్లేదు వదినా, ఒక్క మాటతో అయిపోతుంది అంది. ఆ మాట ఏమిటో ఎంత అడిగినా చెప్పలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

నీళ్ళామె పెరట్లో ఒకే పందిరికి పాకిన మల్లెతీగలు రెండున్నాయి. ఇద్దరి స్నేహానికీ అవి గుర్తని రచయిత మూడుచోట్ల విప్పి చెప్పాడు, మాకు అర్థం కాదేమోనని. సగం కథ నడిచాక అందులో ఒక తీగ వాడిపోవడం మొదలుపెట్టింది. నీళ్ళు పోయలేదేమో అని ఎవరో అన్నారు. పేడ వేయాలని ఇంకెవరో అన్నారు. కానీ ఈసారి నవ్వులు తొందరగా ఆగిపోయాయి. ఎందుకంటే అంతకు కొద్దిగా ముందే నీళ్ళామెకు నెల తప్పింది.

వానల విషయంలో మా వీధి రచయితను నమ్మలేదు. శకునాల విషయంలో మాత్రం ఆయన రాసిన ప్రతి అక్షరాన్నీ నమ్మింది. తీగ వాడింది. దీపం ఆరింది. నీళ్ళామె నెత్తిన బల్లి పడింది. కలలో ఎవరో తెల్లచీర కట్టుకుని పిలిచారు. బల్లి ఎక్కడ పడితే ఏమి ఫలమో మావాళ్ళకు నోటికి వచ్చు. ఈ పిల్ల బతకదని ముసలామె తేల్చేసింది. కథలో మనిషి అని నేను గుర్తుచేశాను. కథలో మనిషైతే మనిషి కాదా అని మా అత్త నా మీద విరుచుకుపడింది. ఆ సాయంత్రమే దేవుని కడప స్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది, నీళ్ళామె సుఖంగా కాన్పు కావాలని. నాకు నవ్వొచ్చిందంటే నిజం. పుస్తకాలంటే పడని మా అత్త, పుస్తకంలోని కోడలి కోసం దేవుడికి మొక్కుతోంది!

నా స్నేహితురాలు నవ్వలేదు. అప్పుడు ఆమె కూడా నీళ్ళు పోసుకుని ఉంది. అంతకుముందు రెండు కాన్పుల్లో పుట్టిన బిడ్డలు దక్కలేదు. రెండోసారి ఆమె కూడా దక్కుతుందో లేదో అన్నట్టు అయ్యింది. ఆ రోజుల్లో గోడకు ఇవతల నిలబడి నేను విన్న కేకలు ఇప్పటికీ మరిచిపోలేదు.

మా అత్త కడపకు పనిమీద వెళుతుంటే ఆమె కూడా బురఖా వేసుకుని బండెక్కింది. దర్గాలో దారం కట్టడానికి. తిరిగి వచ్చాక గోడ మీదుగా జరిగినదంతా చెప్పింది. దారం ఎవరి పేరున కడుతున్నావని అక్కడి పెద్దాయన అడిగాడట. మా వదిన సదివే పుస్తకంలో ఒకామె ఉండాది, ఆమెకు, నాకు అని చెప్పిందట. ఇద్దరికీ రెండు దారాలు కట్టమని ఆయన అన్నాడట. అక్కర్లేదు, ఇద్దరిదీ ఒకటే కష్టం, ఒకటే దారం చాలు అందట. ఒకటే దారం రెండు మెలికలు వేసి కట్టి వచ్చింది. ఆమె బతికితే నేనూ బతుకుతా వదినా, లెక్క సులువైపోయింది అని నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ మర్నాడు పొద్దున్నే, మా అత్త చెలమకు పోయిన సమయంలో, పుస్తకం తీసి చివరి అధ్యాయాలు చదివాను. అప్పటిదాకా నాకు ఆ అలవాటు లేదు. ఒకటి రెండు పుటలు తిప్పేసరికే తెలిసిపోయింది. గాలివాన. మంత్రసాని ఏరు దాటలేకపోవడం. నీళ్ళామె ఉత్తరాలామె ఒళ్ళో తల పెట్టుకోవడం. బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, నా భర్తను పెళ్ళాడి నా బిడ్డకు తల్లివి కమ్మని మాట తీసుకుని, కన్ను మూయడం. రచయిత ఎత్తు అప్పుడు అర్థమైంది. వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేసి సంఘాన్ని సంస్కరించాలని ఆయన కోరిక. కోరిక మంచిదే. పెళ్ళికొడుకు దొరకడానికి నీళ్ళామెను చంపాడు. ఆ పొద్దున నాకు ఆయన మీద వచ్చినంత కోపం ఇంకే మగవాడి మీదా రాలేదు, మా ఆయన మీద కూడా. కోపం కింద భయం. ఒకటే దారం కట్టింది మరి.

అందుకని ఆ మధ్యాహ్నం నుంచి నేను నవల రాయడం మొదలుపెట్టాను. కలం లేదు, కాగితం లేదు. కళ్ళు అచ్చులో ఉన్న చావు మీద, నోటివెంట బతుకు. మంత్రసానిని ఏరు దాటించాను. గాలివానను ఆపేశాను. నీళ్ళామెకు పండంటి బిడ్డ పుట్టింది. అక్కడితో ఆగిపోతే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కానీ బాలింతకు పథ్యం పెట్టకుండా ఎలా? గోదావరి వైపు బాలింతలకు ఏం పెడతారో నాకేం తెలుసు? కాయం ముద్దలు, వెల్లుల్లి కారం, కొర్రబువ్వ పెట్టాను. అంత పెద్ద వరిపొలాల మధ్య ఉండేవాళ్ళు కూడా కొర్రబువ్వే తింటారా అని మా వీధి ఆశ్చర్యపోయి, చివరికి సంతోషించింది. ఇక ఉత్తరాలామెకు మొగుడు కావాలి. రోజూ ఉత్తరాలు వేయడానికి పోయేది కదా, పోస్టుమాస్టరుకిచ్చి పెళ్ళి చేశాను. అందరూ పోగులు వదిలేసి మెచ్చుకున్నారు. మా అత్త లేచి, కొబ్బరికాయ బాకీ తీర్చాలని తారీఖు చూసుకోవడానికి పోయింది. కథలు కట్టడం ఇంత తేలికా, దీనికా ఈ మగవాళ్ళు అంత పేరు తెచ్చుకునేది అని నేను కూడా లోపల కాస్త పొంగాను.

అందరూ వెళ్ళిపోయారు. నా స్నేహితురాలు మాత్రం కదల్లేదు. బూడిద చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుని ఉంది.

"సచ్చిపోయింది కదా, వదినా?" అంది.

నేను పుస్తకం మూశాను.

"నీళ్ళామె బిడ్డను కన్నింది, ఒక్క సినుకు గూడా పడలే. ఆ రాసినాయన ఊరుకుంటాడా? పిల్లకు ముక్కు ఉండాదని గూడా సెప్పలే. కొర్రబువ్వ పెట్టింది నువ్వు. సెప్పు. సచ్చిపోయింది కదా."

అవునన్నాను. ఆమె ముఖం చూడలేక ఒళ్ళో పుస్తకం వైపు చూశాను. ఆయన రాసింది రాసినట్టు చదవమంది. చదవనన్నాను. దారం కట్టింది తాను కాబట్టి వినాల్సింది కూడా తానేనంది. మొండిమనిషి. ఇక తప్పక, గాలివాన దగ్గర నుంచి చదివాను. ఒళ్ళో తల పెట్టుకున్న చోట ఆగాను. ఆమె ఆగనివ్వలేదు. భర్తను పెళ్ళాడమని మాట తీసుకునే చోటికి వచ్చాను. ఆమె వేళ్ళు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తీరా చూస్తే నవ్వు. ఆపుకోలేని నవ్వు. మూతి చుట్టూ బూడిద.

"నేను పోతే నువ్వు మా ఆయన్ని సేసుకుంటావా, వదినా?"

"ఆ నీలం సేతులాయన్నా? నాకొద్దు తల్లీ," అన్నాను.

"సేసుకోవాల్సిందే. సచ్చేటప్పుడు మాట తీసుకుంటా."

"నీ ముందరే సెప్తాండా. మాట ఇయ్యను."

ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. గోడకు అవతల రంగులాయన నూలు ఉతుకుతూ, తన గురించే ఈ నవ్వని తెలియక, ఏమైందని కేకేశాడు. ఏమీ లేదు, నీకు సంబంధం చూస్తున్నాం అని ఈమె బదులిచ్చింది.

నవ్వు తగ్గాక ఆమె మూతికి అంటిన బూడిద కొంగుతో తుడుచుకుంది. తర్వాత ఆ రచయిత గురించి తన తీర్పు చెప్పింది. దాన్ని నేను మా మనవరాలి పరీక్ష అయ్యాక చెప్పాలని దాచుకున్నాను.

"ఇద్దరు ఆడోళ్ళు బతికుంటే దినమ్మూ ఏం మాట్లాడుకుంటారో ఆయప్పకు తెలీదు, వదినా. ఎట్ల రాయాల్నో తెలీక ఒకదాన్ని సంపేసినాడు."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ముఖంలో నవ్వే ఉంది. కానీ చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టింది. నాకు భయమైతాండాది వదినా అంది. నాకు కూడా అన్నాను. అంతకంటే పెద్దమాటలు నాకు ఆ వేళ చేతకాలేదు, వాన కూడా రాలేదు.

నువ్వు కట్టిందే బాగుంది, నేను పుట్టింటికి పోయేదాకా రోజూ అదే చదువు అని అడిగింది. అబద్ధమని తెలిసి కూడా అడిగింది. సరే అన్నాను. వీధి ఆడవాళ్ళకు కథ అయిపోయింది, కొబ్బరికాయ కూడా కొట్టేశారు. మా ఇద్దరికి మాత్రం రోజూ కాసేపు నడిచేది. ఆమె ఊరికే వినలేదు, దిద్దడం మొదలుపెట్టింది. మంత్రసాని ఇంకా పెద్దవయసుదై ఉండాలంది. నీళ్ళామె మొగుడు కాన్పు వేళకు ఊళ్ళో ఉండకూడదంది, ఉంటే కాళ్ళకు అడ్డమట. బిడ్డకు జలుబు చేయించింది, తగ్గించింది. పోస్టుమాస్టరుకు బట్టతల పెట్టింది. బిడ్డ నడిచింది, మాట్లాడింది, ఉత్తరాలామె కొంగు పట్టుకుని తిరిగింది. ఆ ఇద్దరూ ఎదురెదురిళ్ళలో ఊరగాయలు పెట్టుకున్నారు, ఉప్పెక్కువైందని దెప్పుకున్నారు, అలిగారు, మళ్ళీ గిన్నె పట్టుకుని వచ్చారు. వినడానికి ఇందులో కథేమీ లేదు. మాకు మాత్రం ఎంతసేపు చెప్పుకున్నా చాలేది కాదు.

నెలలు నిండబోతుండగా ఆమె తమ్ముడు వచ్చి కర్నూలు తీసుకుపోయాడు. అక్కడైతే పెద్దాసుపత్రి ఉంది, లేడీ డాక్టరు ఉంది. పోయేటప్పుడు గోడ దగ్గర నన్ను ఏడవనివ్వలేదు. ఆమె లేని మధ్యాహ్నాల్లో నా పోగులు నేనే అతుక్కున్నాను. పుస్తకం అటకెక్కింది. రోజూ పొద్దున్నే గోడ మీదుగా రంగులాయన వైపు చూసేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అంటే కబురు రాలేదని.

ఒకరోజు కర్నూలు నుంచి వచ్చిన చీరల వ్యాపారి కబురు తెచ్చాడు. కాన్పు కష్టమైందట, ఆసుపత్రిలో ఉందట. బిడ్డ సంగతి ఆయనకు తెలియదు, తల్లి సంగతి అంతకంటే తెలియదు. రంగులాయన నూలు తొట్టిలోనే వదిలేసి ఆ చేతులతోనే స్టేషనుకు పోయాడు. ఆ తర్వాత ఆయన నుంచి కూడా కబురు లేదు. తొట్టిలో రంగు ఎండి పెచ్చులు కట్టింది. నేను అతికిన పోగులు కూడా మగ్గం మీద తెగిపోవడం మొదలైంది. మా ఆయన ఈసారి సణగలేదు.

చివరికి మా అత్తే నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పో. సూసిరా," అంది. "ఈడుండి నువ్వు సేసేది ఏముండాది? పోగులు పాడు సేస్తాండావు."

కోడలిని ఒక సాయిబుల ఇంటికి, అంత దూరం పంపడం వీధిలో ఎవరూ చేసిన పని కాదు. ముసలామె ఏదో అనబోతే మా అత్త ఆమెను నోరెత్తనివ్వలేదు. కాయం ముద్దలు కట్టి ఇచ్చింది. అవి బతికున్న బాలింతకు పెట్టేవి. నేను అది గమనించాను.

మా అన్న తోడు వచ్చాడు. గుంతకల్లులో ఒకసారి, డోన్‌లో ఒకసారి బండి మారాలి. దారి పొడుగునా నేను చేసింది చెబితే నవ్వుతారు. బల్లి శాస్త్రాన్ని ఎగతాళి చేసిన చదువుకున్న కోడలు, కిటికీలోంచి శకునాలు వెతుక్కుంటూ కూర్చుంది. మబ్బు కనిపిస్తే భయం, ముత్తైదువ ఎదురైతే ధైర్యం, ఒంటి కాకి అరిస్తే మళ్ళీ భయం. డోన్‌లో కాఫీ తాగమని మా అన్న ఇచ్చిన లోటా చల్లారిపోయింది. ఆమె లేకపోతే ఆ ఊళ్ళో, ఆ వీధిలో, ఆ గోడ పక్కన నేను ఎలా ఉండాలో నాకు తెలియలేదు. నా మొగుడు మంచివాడే, అత్త కూడా అంత చెడ్డది కాదు. అయినా నాకు తెలియలేదు.

కర్నూలులో వాళ్ళ వీధికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. వాళ్ళ వాకిట్లో మగవాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళెందుకు నిలబడ్డారో అడగడానికి నాకు నోరు రాలేదు. మా అన్నను అడగనివ్వలేదు కూడా. వాళ్ళమ్మ బయటికి వచ్చి, నేనెవరో చెప్పక ముందే, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. ఆమె ముఖం చూసి ఏదైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు. నడవ దాటాం, వంటగది దాటాం. పరదా పక్కకు తీసింది.

లోపల మంచం మీద ఆమె ఉంది. పడుకుని కాదు, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. మెడ ఎముకలు బయటికి వచ్చాయి, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఒళ్ళో గుడ్డలో చుట్టిన ఆడపిల్ల, ప్రపంచంతో తనకేమీ పని లేనట్టు నిద్రపోతోంది. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, ఇన్నాళ్ళు పట్టిందా రావడానికి అన్నట్టు మూతి ముడిచింది. చెప్పాలని దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. గడప దగ్గరే కూలబడి, చంటిబిడ్డ నిద్ర లేస్తుందని కూడా చూడకుండా, బావురుమన్నాను. వాళ్ళమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. అప్పుడే బజారు నుంచి వచ్చిన రంగులాయన, బిడ్డను చూడవచ్చి వాకిట్లో నిలబడ్డ చుట్టాలు, మా అన్న అందరూ బయటి నుంచి ఏమైంది ఏమైంది అని అరుస్తున్నారు. ఆమె మాత్రం నేను ఏడుస్తుంటే తీరుబడిగా చూస్తూ కూర్చుంది.

"ఏందమ్మే," అంది. "బతికినానని ఏడుస్తాండావా?"

అవునన్నాను.